కెండ్రిక్ లమార్ పాటల్లో మీ పది ఏరుకోవడం ఎలా? కోనసీమ అభిమాని రాసిన సమగ్ర మార్గదర్శి

ఇంగ్లీషు ర్యాప్ అంటే మన దగ్గర చాలామందికి రీల్స్‌లో వినిపించే పదిహేను సెకన్లే. బీటు బాగుంటుంది, తల ఊగుతుంది, వేలితో పైకి తోసేస్తాం. కెండ్రిక్ లమార్‌ని అలా వింటే అతను పడ్డ కష్టంలో పదో వంతు కూడా మన చెవికి చేరదు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి "అన్నా, ఇతన్ని ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చివరికి మీకంటూ పది పాటలు మిగలాలి. నా పది కూడా చెబుతాను, కానీ అవి మీవి కానక్కర్లేదు.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. పూర్తి పేరు కెండ్రిక్ లమార్ డక్‌వర్త్. 1987 జూన్ 17న, అమెరికాలో లాస్ ఏంజెలెస్‌కి దక్షిణాన ఉన్న కాంప్టన్ ఊళ్ళో పుట్టాడు. అమ్మానాన్నలు షికాగో నుంచి అక్కడికి వలస వచ్చినవాళ్ళు. ఎరుపు రంగు బ్లడ్స్, నీలం రంగు క్రిప్స్ అనే రెండు ముఠాల మధ్య పెరిగాడు. 2018లో అతని 'డ్యామ్' ఆల్బమ్‌కి సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ తప్ప ఇంకో రకం సంగీతానికి ఆ బహుమతి దక్కడం అదే మొదటిసారి.

మొదటి మెట్టు: ఫోను సర్దుకోండి

ఇది చిన్న పనే గానీ దీన్ని వదిలేస్తే తర్వాతి మెట్లన్నీ తేలిపోతాయి.

మీరు వాడే యాప్ ఏదైనా షఫుల్ ఆపేయండి. పాట అయ్యేలోపే తర్వాతి పాట మొదలయ్యే క్రాస్‌ఫేడ్ సెట్టింగు ఉంటే దాన్ని సున్నాకి తెచ్చేయండి. కెండ్రిక్ ఆల్బమ్‌లలో పాటకీ పాటకీ మధ్య ఫోను సందేశాలు, మాటలు, ప్రార్థనలు ఉంటాయి. కథ నడిచేది వాటి మీదే, అవి తెగితే పాట ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఒకే ఆల్బమ్‌కి రెండు ప్రతులు కనిపిస్తే 'ఎక్స్‌ప్లిసిట్' అని గుర్తున్నదే తీసుకోండి. రెండోదాంట్లో బూతులు కోసేస్తారు, వాటితో పాటు వాక్యాల తాళం కూడా పోతుంది. లంక గ్రామాల్లో, కాలవగట్ల మీద సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది కాబట్టి ఆల్బమ్ మొత్తం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి. ఫోను స్పీకరులో మాత్రం వద్దు. బేస్ గిటారు అందులో పలకదు, అది పలకకపోతే 2015 నాటి 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' ఆల్బమ్‌లో సగం మీకు వినపడదు. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిలో గట్టిగా కూర్చునే వైరు ఇయర్‌ఫోన్లు చాలు.

రెండో మెట్టు: ఒక ఆల్బమ్‌ని బస్సెక్కించండి

'నాట్ లైక్ అస్'తో మొదలెట్టకండి. 2024 మే 4న వచ్చిన ఆ పాటకి ఆ మరుసటి ఏడు ఐదు గ్రామీ అవార్డులు వచ్చాయి. 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ విరామంలో అతను ఆ పాట పాడితే స్టేడియం మొత్తం గొంతు కలిపింది. మంచి పాటే. కానీ అది డ్రేక్ అనే ఇంకో ర్యాపర్‌తో నడిచిన గొడవలో చివరి దెబ్బల్లో ఒకటి. ముందూ వెనకా తెలియకుండా వింటే ఎవరో ఎవరినో తిడుతున్నట్టే ఉంటుంది.

మొదలెట్టాల్సింది 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ'తో. 2012 అక్టోబరులో వచ్చింది. పన్నెండు పాటలు, గంటా ఎనిమిది నిమిషాలు. అట్ట మీదే 'కెండ్రిక్ లమార్ తీసిన షార్ట్ ఫిల్మ్' అని రాసి ఉంటుంది, దాన్ని అక్షరాలా నమ్మండి. అమలాపురంలో కాకినాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ప్లే నొక్కండి. ముమ్మిడివరం, మురమళ్ళ దాటి ఎదుర్లంక వంతెన మీదికి వచ్చేసరికి ఆల్బమ్ చివరి పాటల్లో ఉంటారు. గౌతమి పాయ మీద బస్సు వెళుతుంటే ఆ పాటలు వినడం నాకు చాలా ఇష్టం. ఈ మొదటి విడతలో మాటలు అర్థం కావాలని పట్టు పట్టకండి. ఎక్కడ గొంతు మారింది, ఎక్కడ అమ్మ ఫోను చేసింది, ఎక్కడ తుపాకీ పేలింది అన్నవి పట్టుకుంటే చాలు.

కథ ఇదీ. పదిహేడేళ్ళ కుర్రాడు అమ్మ వ్యాను తీసుకుని ఒక అమ్మాయిని కలవడానికి వెళ్తాడు. అమ్మ పదేపదే ఫోను చేస్తూ వ్యాను తెమ్మంటుంది, వెనక నుంచి నాన్న తన డామినో ఆట బిళ్ళలు ఏవిరా అని అరుస్తుంటాడు. ఈ నవ్వొచ్చే సందేశాల మధ్యలోనే స్నేహితులతో కలిసి ఇంట్లో దొంగతనం, తన్నులు, ఒక చావు జరిగిపోతాయి. ఆల్బమ్ మొట్టమొదట వినిపించే ప్రార్థన అసలు కథలో ఎక్కడ వస్తుందో పదో పాట చివర తెలుస్తుంది. అది తెలిసిన క్షణాన వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి వినాలనిపిస్తే మీరు దారిలో పడ్డట్టే.

మూడో మెట్టు: మాట్లాడుతున్నది ఎవరు?

ఈ మార్గదర్శి మొత్తానికి ఇదే కీలకం, కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను. కెండ్రిక్ పాటలో 'నేను' అని వినపడగానే అది కెండ్రిక్ అనుకోకండి. అసలు చాలామంది ఇతన్ని పొరపాటుగా వినేది ఇక్కడే.

మనకిది కొత్తేమీ కాదు. జాతరలో పల్నాటి యుద్ధం చెప్పే బుర్రకథకుడు ఒక నిమిషం బాలచంద్రుడై గర్జిస్తాడు, మరు నిమిషం కొడుకుని యుద్ధానికి పోవద్దనే ఐతాంబై ఏడుస్తాడు, అంతలోనే తంబురా మీటుతూ మామూలు కథకుడైపోతాడు. పక్కనున్న వంతలు అడ్డుపడి ప్రశ్నలేస్తారు. వినేవాళ్ళెవరూ తికమకపడరు. ఆ చెవితోనే కెండ్రిక్‌ని వినండి.

పరీక్షకి పెట్టాల్సిన పాట 'సింగ్ అబౌట్ మీ, ఐయామ్ డయింగ్ ఆఫ్ థర్స్ట్'. పన్నెండు నిమిషాలు. కానీ దీనికి ముందు 2011 నాటి 'సెక్షన్ ఎయిటీ' ఆల్బమ్ తీసి 'కీషాస్ సాంగ్' వినాలి. వీధిలో ఒళ్ళమ్ముకుని బతికే పదిహేడేళ్ళ పిల్ల కథ అది, చావుతో ముగుస్తుంది. ఈ కథని తన చెల్లికి వినిపించానని చివర్లో చెబుతాడు.

ఇప్పుడు 'సింగ్ అబౌట్ మీ'కి రండి. మొదటి చరణంలో మాట్లాడేది కెండ్రిక్ స్నేహితుడొకడు. అతని తమ్ముడు వీధిలో కాల్పుల్లో పోతే, ఊపిరి ఆగే వరకు పక్కనే కూర్చున్నది కెండ్రిక్. ఆ ఋణం చెప్పుకుంటూనే, ముఠాలోంచి బయటికి రాలేకపోతున్నానంటాడు. నీ ఆల్బమ్ వచ్చేలోపు నేను పోతే, అని ఒక కోరిక మొదలెడతాడు. వాక్యం పూర్తవదు, తుపాకీ పేలుతుంది. ఏం కోరబోయాడో మనకి ఎప్పటికీ తెలియదు. బీటు మాత్రం ఏమీ జరగనట్టు అలాగే నడుస్తుంటుంది.

రెండో చరణంలో గొంతు కీషా చెల్లెలిది. ఆమెకి కెండ్రిక్ మీద మండిపోతోంది. మా అక్క కథని లోకానికి చెప్పమని నిన్నెవరు అడిగారు, నా బతుకు మీద జాలి పడడానికి నువ్వెవరు అని నిలదీస్తుంది. తనూ అదే వీధిలో ఉంది. నేను మాసిపోయేదాన్ని కాదు అని మళ్ళీ మళ్ళీ అంటుంటే, సరిగ్గా అక్కడే ఆమె గొంతు మెల్లమెల్లగా తగ్గిపోతూ ఉంటుంది. మాటలు ఆగవు, వినపడడం మాత్రం ఆగిపోతుంది. ఇయర్‌ఫోన్లలో సౌండు పెంచితే ఇంకా మాట్లాడుతూనే ఉందని తెలుస్తుంది. తన కథలోని మనిషి చేతే తనని తిట్టించుకున్న కవిని ఇంకొకణ్ణి నేను ఎరగను. మూడో చరణంలోగానీ కెండ్రిక్ తన సొంత గొంతుతో మాట్లాడడు.

ఈ పాట ఇలా విన్నాక మిగతావన్నీ మీకే తెరుచుకుంటాయి. నోటుపుస్తకంలో పాట పేరు రాసి, చరణం చరణానికి ఎవరి గొంతో పక్కన రాసుకోండి. నా పద్ధతి ఇప్పటికీ ఇదే.

నాలుగో మెట్టు: మాటల్ని మూడు విడతల్లో వినండి

మొదటి విడత చూడకుండా వినండి. రెండో విడత సాహిత్యం ముందు పెట్టుకుని వేలితో వెంట నడవండి. మూడో విడత మళ్ళీ చూడకుండా వినండి. ఆ మూడోదాంట్లో అర్థమైనంతే మీది. తక్కినదాని కోసం కంగారు పడొద్దు, నెలలు గడిచాక కూడా ఒక లైను ఉన్నట్టుండి వెలుగుతుంది.

ఊరి పేర్లు, వీధి పేర్లు వచ్చినప్పుడు మ్యాప్ తెరిచి చూడండి. రోజ్‌క్రాన్స్ అవెన్యూ అతని పాటల్లో ఎంత తరచుగా వస్తుందో, కాంప్టన్‌లో అది ఎంత నిజమైన రోడ్డో చూశాక పాట గాలిలోంచి నేల మీదికి దిగుతుంది.

బూతుల సంగతి కూడా సూటిగా మాట్లాడుకుందాం. ఉంటాయి, బోలెడు. ఇంట్లో పెద్దవాళ్ళున్నప్పుడు స్పీకరులో పెట్టే పాటలు కావివి. ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. నల్లవాళ్ళు తమలో తాము వాడుకునే ఒక మాట ఉంది, అది 'ఎన్' అక్షరంతో మొదలవుతుంది. కెండ్రిక్ నోట అది వందలసార్లు వస్తుంది. మనం పాటతో గొంతు కలిపినప్పుడు అక్కడ నోరు మూసుకోవాలి. 2018లో అలబామాలో జరిగిన ఒక కచేరీలో కెండ్రిక్ ఒక తెల్లమ్మాయిని వేదిక మీదికి పిలిచి పాడమన్నాడు. ఆమె ఆ మాటతో సహా పాడేసరికి పాట ఆపించాడు. ఒక కులాన్ని కించపరిచే మాట బయటివాడి నోట వస్తే మన ఊళ్ళలో ఎంత గాయమవుతుందో మనకు తెలుసు. కాబట్టి దీనికి ఇంకా వివరణ అక్కర్లేదు.

ఐదో మెట్టు: 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై'కి చెవిని సిద్ధం చేయండి

2015 మార్చిలో వచ్చిన ఈ ఆల్బమ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. ర్యాప్ అనుకుని వస్తే జాజ్, ఫంక్ అనే పాత అమెరికన్ సంగీత రకాలు ఎదురవుతాయి. జార్జ్ క్లింటన్ లాంటి పాతతరం ఫంక్ దిగ్గజం, థండర్‌క్యాట్ అనే బేస్ గిటారిస్టు, కమాసి వాషింగ్టన్ అనే సాక్సఫోన్ విద్వాంసుడు ఇందులో ఉన్నారు. రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళినప్పుడు వినేవాళ్ళకి ఒక మాట. రాత్రిపూట ఏరియేటర్లు తిరుగుతుంటే ఈ ఆల్బమ్ పెట్టకండి, ఆ మోతలో బేస్ మొత్తం మునిగిపోతుంది. ఎండెక్కి ఏరియేటర్లు ఆపాక, షెడ్డు నీడలో కూర్చుని పెట్టుకోండి.

ఇక్కడ ఒక కవిత మీద కన్నేసి ఉంచండి. పాటల మధ్య కెండ్రిక్ ఒక కవిత మొదలెడతాడు, కొంచెం చెప్పి ఆపేస్తాడు. ఇంకో పాట అయ్యాక మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టి మరికొంత కలుపుతాడు. ఎక్కడ ఆపితే దాని తర్వాతి పాట అక్కణ్ణుంచి అందుకుంటుంది. ఆఖరి పాట 'మోర్టల్ మ్యాన్'లో గానీ ఆ కవిత పూర్తవదు. అది ఎవరికి వినిపిస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది. కెండ్రిక్‌కి ముందుతరం ర్యాపర్ టుపాక్ షకూర్‌కి! 1996లోనే చనిపోయిన టుపాక్, 1994లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలోంచి తీసిన సొంత గొంతుతో జవాబులిస్తుంటాడు. మొదటిసారి విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే పన్నెండో పాట దగ్గర ఆపేసి రేపు వింటాననుకోకండి.

ఇందులోంచి నాలుగు పాటలు విడిగా తీసి వినండి. 'యు' ఒక హోటల్ గదిలో తాగి తనని తానే తిట్టుకునే మనిషి పాట. రెండో సగంలో గొంతు జీరపోయి ఏడుపులో పడిపోతుంది, సీసా గ్లాసుకి తగిలే చప్పుడు వినిపిస్తుంది. దానికి ఎదురుగా 'ఐ' ఉంది, అది తనని తాను ప్రేమించుకునే పాట. సింగిల్‌గా వచ్చిన ప్రతి వేరు, ఆల్బమ్‌లోది వేరు. ఆల్బమ్‌లో అది కచేరీలా నడుస్తూ, జనంలో గొడవ రేగి మధ్యలోనే ఆగిపోతుంది, కెండ్రిక్ జనంతో మాట్లాడడం మొదలెడతాడు. 'ఆల్‌రైట్' ఫరెల్ విలియమ్స్ అనే సంగీతకారుడి చేతి బీటు. పోలీసు హింసకి వ్యతిరేకంగా అమెరికా వీధుల్లోకి వచ్చిన జనం 2015 నుంచి ఈ పల్లవినే నినాదం చేసుకున్నారు.

నాలుగోది 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్'. పెట్రోలు బంకు దగ్గర ఒక బిచ్చగాడు డబ్బులడుగుతాడు. పాడేవాడు ఇవ్వడు, పైగా కోపం తెచ్చుకుంటాడు. అతను పోడు, అలా చూస్తూనే ఉంటాడు. చివరికి ఆ అడిగినవాడు దేవుడని తెలుస్తుంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా 2015లో తనకి బాగా నచ్చిన పాటగా దీన్నే చెప్పాడు. మా బావ ఒకడికి ర్యాప్ అంటే గిట్టదు. ఈ కథ తెలుగులో చెప్పి పాట వినిపిస్తే చివరిదాకా కదల్లేదు. "ఇంకోసారి పెట్టరా" అన్నాడు, అంతే.

ఆరో మెట్టు: 'డ్యామ్'ని వెనక నుంచి కూడా వినండి

2017 ఏప్రిల్ నాటి ఈ ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలు, గంటకి కాస్త తక్కువ. మామూలు వరసలో ఒకసారి వినండి. తర్వాత చివరి పాట నుంచి మొదటి పాటకి రండి. ఇది అభిమానుల పిచ్చి అనుకోవద్దు, ఆ ఏడాది డిసెంబరులో కెండ్రికే తిరగేసిన వరసతో ప్రత్యేక ప్రతి విడుదల చేశాడు. ఒక వరసలో కథ తుపాకీ దెబ్బ వైపు వెళ్తుంది, ఇంకో వరసలో దాన్నుంచి దూరంగా వెళ్తుంది.

'ఫియర్' ఏడు నిమిషాల పైన ఉంటుంది. ఏడేళ్ళప్పుడు అమ్మ బెదిరింపులు, పదిహేడేళ్ళప్పుడు తనెలా చనిపోవచ్చో అనే ఊహలు, ఇరవైయేడేళ్ళప్పుడు సంపాదించిందంతా పోతుందేమోననే దిగులు ఇందులో వస్తాయి. మొదటి చరణం అమ్మ గొంతులో ఉంటుందని గమనించండి, మూడో మెట్టు ఇక్కడ పనికొస్తుంది.

'డక్‌వర్త్' ఈ ఆల్బమ్‌లో ఆఖరి పాట. మూడు వేర్వేరు బీట్ల మీద నడుస్తుంది. ఇది జరిగిన కథ. ఆంథొనీ అనే కుర్రాడు ఒక కె.ఎఫ్.సి. దోచుకుందామనుకున్నాడు. కౌంటర్లో పనిచేసే డకీకి ఈ కుర్రాడి సంగతి తెలుసు. అందుకని వచ్చినప్పుడల్లా ఉచితంగా చికెన్, పైన రెండు బిస్కెట్లు అదనంగా ఇచ్చి మంచి చేసుకున్నాడు. దోపిడీ రోజున డకీ ప్రాణం దక్కింది. ఆ డకీ కెండ్రిక్ తండ్రి. ఆ ఆంథొనీయే తర్వాత టాప్ డాగ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ పెట్టి కుర్ర కెండ్రిక్‌ని చేరదీశాడు. ఆ రోజు డకీని కాల్చి ఉంటే ఆంథొనీ జైల్లో ఉండేవాడు, తండ్రి లేకుండా పెరిగిన నేను కాల్పుల్లో పోయేవాణ్ణి అంటూ పాట ముగుస్తుంది. తుపాకీ పేలుతుంది, టేపు గిర్రున వెనక్కి తిరుగుతుంది, ఆల్బమ్‌లో కెండ్రిక్ పలికిన మొదటి మాటలు మళ్ళీ వినిపిస్తాయి.

ఆ తర్వాతివి త్వరగా చెప్పేస్తాను. 2022లో వచ్చిన 'మిస్టర్ మొరాల్ అండ్ ద బిగ్ స్టెపర్స్' బరువైన ఆల్బమ్, మొదటి మూడూ వంటబట్టాకే వెళ్ళండి. 2024 నవంబరులో వచ్చిన 'జీఎన్ఎక్స్' పొట్టిది, హుషారైనది. అందులో 'రీఇన్‌కార్నేటెడ్' తప్పక వినాలి. పూర్వజన్మల్లో ఒక గిటారిస్టుగా, ఒక నల్లజాతి గాయనిగా మాట్లాడి, మూడో చరణంలో దేవుడితో వాదనకి దిగుతాడు. జన్మల లెక్క మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కాబట్టి ఈ పాట మనవాళ్ళకి సులువుగా ఎక్కుతుంది.

ఏడో మెట్టు: ఇప్పుడు ఏరండి

ముందు నచ్చినవన్నీ ఒక ప్లేలిస్టులో పడేయండి, ముప్పై అయినా ఫర్వాలేదు. రెండు వారాలు దాని జోలికి పోకండి. తర్వాత తెరిచి, ఒక్కో పేరు చూడగానే ఆ పాటలో మాట్లాడే మనిషెవరో వినకుండానే చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేనివి తీసేయండి. బీటు కోసమే ఉంచుకోవాలనిపించేవి రెండు మించకూడదు. ఒకే ఆల్బమ్‌లోంచి నాలుగు దాటకూడదు. ఈ నియమాలు నేను పెట్టుకున్నవే, మీరు మార్చుకోవచ్చు. కానీ నియమం లేకుండా ఏరితే ఈ వారం ఎక్కువ విన్నవే పైకి తేలతాయి.

నా వరస ఇది. అన్నిటికన్నా పైన 'సింగ్ అబౌట్ మీ', దాన్ని కదిలించే పాట ఇంకా రాలేదు. తర్వాత 'డక్‌వర్త్', 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్', 'ఫియర్'. ఐదోది 'ది ఆర్ట్ ఆఫ్ పీర్ ప్రెషర్'. ఒంటరిగా ఉంటే మంచివాడైన కుర్రాడు కారులో నలుగురితో ఎక్కితే ఏం చేస్తాడో చెప్పే పాట. ఇంటర్ చదివే తమ్ముళ్ళకి నేను మొదట వినిపించేది ఇదే. ఆరు 'యు', అది నెలకోసారి మించి వినలేను. ఏడు 'కీషాస్ సాంగ్', ఎనిమిది 'రీఇన్‌కార్నేటెడ్'. బీటు కోసం ఉంచుకున్న రెండూ 'మనీ ట్రీస్', 'ఆల్‌రైట్'. 'మనీ ట్రీస్'లో చివర వచ్చే జే రాక్ అనే ఇంకో ర్యాపర్ చరణం కోసమే ఎన్నోసార్లు పాట మళ్ళీ మొదటికి తిప్పాను. 'డ్యామ్'లోని 'డీఎన్ఏ', ఇంకా 'ఐ' రెండూ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. 'డీఎన్ఏ' బయట ఉండడం నాకు ఇప్పటికీ బాధే.

ఎనిమిదో మెట్టు: ఇంకొకరికి వినిపించడం

కూర్చోబెట్టి పది పాటలూ వినిపించకండి. ఒక్కటి చాలు. పాటకి ముందు కథ తెలుగులో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి, ముగింపు మాత్రం దాచండి. చెరో చెవికి ఒక ఇయర్‌ఫోను పంచుకోవడం కన్నా మొత్తం వాళ్ళకే ఇచ్చేయండి, ఎడమ కుడి చెవుల్లో వేర్వేరు గొంతులు వచ్చే చోట్లు ఉంటాయి. పాట నడుస్తుంటే భుజం తట్టి "ఇక్కడ చూడు, ఇక్కడ చూడు" అనకండి.

సినిమా పాటలు తప్ప వినని స్నేహితుడికి 'డక్‌వర్త్' పెట్టండి, కథ దానంతట అదే లాక్కెళుతుంది. భక్తి ఉన్న మావయ్యకో పెద్దమ్మకో చెప్పాలంటే 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్' కథ మాత్రం చెప్పి, బూతులుంటాయని ముందే చెప్పి, వాళ్ళు సరేనంటేనే పాట పెట్టండి. మనసు బాగోలేదని చెప్పినవాళ్ళకి 'యు' పెట్టకండి, 'ఆల్‌రైట్' పెట్టండి. అది అయ్యాక ఇంకేదైనా పెట్టమని వాళ్ళే అడిగితే, బస్సు ప్రయాణం ఎప్పుడుందో కనుక్కుని 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' వాళ్ళ ఫోన్లో డౌన్‌లోడ్ చేసి, షఫుల్ ఆపి ఇవ్వండి.